మేడ మీది వాటా

జూన్ 12, 2025, గురువారం

మధ్య గదికి టూలెట్ బోర్డు కట్టామో లేదో, పొద్దు గుంకేలోపు నలుగురు అడిగి వెళ్లారు. మే 2న ప్రధాని వెలగపూడి వచ్చి రాజధాని పనులు మళ్లీ మొదలుపెట్టించినప్పటి నుంచీ ఊళ్లో గదులకి ఇదే గిరాకీ. రాజధాని టవర్ల దగ్గర పనిచేసే ఇంజనీర్లు, సర్వేయర్లు, నేలపాడు హైకోర్టు ఉద్యోగులు, ఐనవోలు, నీరుకొండ యూనివర్సిటీల పిల్లలు, అందరికీ తుళ్లూరే కావాలి. ఇదే బోర్డు 2021లో ఇదే గేటుకి వేలాడితే అక్షరాలు ఎండకి వెలిశాయి గాని అడిగిన నాథుడు లేడు.

సాయంత్రం గుడి దాకా నడిచి వస్తూ దారిలో బోర్డులన్నీ చదివాను. ఫ్యామిలీకి మాత్రమే. బ్యాచిలర్స్ రావద్దు. వెజిటేరియన్స్ ఓన్లీ. రాత్రి 9 దాటితే గేటు తీయబడదు. ఒకచోటైతే బంధువులు రాకూడదు అని కూడా రాశారు. ఆ ఇంటాయనే నాలుగేళ్ల కిందట ఎవరైనా సరే, సగం అద్దెకైనా సరే తీసుకురమ్మని ఆటోవాళ్లకి చెప్పి పెట్టాడు. అప్పుడు వచ్చినవాళ్లు ఏం తింటారో ఎన్నింటికి పడుకుంటారో ఆయనకి పట్టలేదు. ఇల్లు అదే, గేటు అదే. మారిందల్లా అద్దె. గది ఖాళీగా ఉన్న రోజుల్లో అక్కర్లేకపోయిన నియమం గిరాకీ రాగానే అవసరమైందంటే అది ఇంటి బాగు కోసం పెట్టింది కాదు. అవతలివాళ్లకి వేరే దారి లేదని తెలిసి పెట్టింది.

మా మరిది ఎప్పుడో రాసిపెట్టిన నియమాల కాగితం బీరువాలోంచి తీశాను. బారెడు జాబితా. ఒక్కో దానికీ ఎదురుగా, ఇది ఎందుకు అని అడిగితే ఆ వచ్చిన మనిషి మొహం చూసి నేను చెప్పగలనా అని చూసుకుంటున్నాను. మోటారు పొద్దున ఆరింటికే వేస్తాం, సంపు ఎండితే కాయిల్ కాలిపోతుంది: చెప్పగలను. గేటుకి రాత్రి తాళం: చెప్పగలను. రాత్రి పది తర్వాత మంచాలు, కుర్చీలు ఈడ్వొద్దు, కింద ఆయనకి బీపీ: చెప్పగలను. “ఎవరొచ్చినా ముందు మాకు చూపించి పైకి తీసుకెళ్లాలి” అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. కొట్టేశాను.

జూన్ 15, ఆదివారం

మా ఆయన బయట మెట్లకి పెయింటు వేయిస్తున్నారు. ఆ మెట్ల కథ ఎక్కడా రాసి పెట్టలేదు, ఇవాళ రాస్తాను.

అసలు పై గదులు మనుషుల కోసం కట్టినవి కావు. పత్తి బస్తాలు, మిర్చి టిక్కీలు పెట్టుకోవడానికి కట్టుకున్నాం. రేటు పడిపోయిన ఏడు గుంటూరు యార్డుకి తోలకుండా కొన్ని ఇక్కడే ఆపేవాళ్లం. 2015లో పొలం ల్యాండ్ పూలింగుకి ఇచ్చాం. మాది మెట్ట, ఎకరాకి ఏడాదికి 30,000 కౌలు. కృష్ణ ఒడ్డున జరీబు వాళ్లకి 50,000. ఏటా పది శాతం పెంచుతూ పదేళ్లు ఇస్తామన్నారు. పంట లేని ఇంట్లో బస్తాల గదులు ఊరికే పడి ఉన్నాయి. మరుసటేడు సచివాలయం హైదరాబాదు నుంచి వెలగపూడికి వచ్చింది. ఉద్యోగులకి తల దాచుకోను చోటు లేదు. ఊరంతా గదులకి సున్నాలు కొట్టించింది, మేమూ కొట్టించాం.

మొదట వచ్చినావిడ సెక్షన్ ఆఫీసరు. రెండుసార్లు సున్నం వేసినా గోడల్లోంచి మిరప ఘాటు పోలేదు, మొదటి వారమంతా ఆవిడ తుమ్ముతూనే ఉంది. భర్త, పిల్లలు హైదరాబాదులో. వారానికి ఐదు రోజుల పని గనక శుక్రవారం సాయంత్రం రైలెక్కి సోమవారం వచ్చేది. అప్పట్లో మేడ మెట్లు హాల్లోంచే ఉండేవి. ఆవిడ వచ్చేసరికి మేం భోజనాల దగ్గర ఉండేవాళ్లం. అందరం కంచాల్లోంచి తలెత్తి చూసేవాళ్లం. “తినండి, తినండి” అంటూ గోడవార నడిచి, కొంగు సర్దుకుంటూ, చేతిలో సంచి రెండోవైపుకి మార్చుకుంటూ పైకెళ్లిపోయేది. ఒకరోజు కళ్లు వాచి ఉన్నాయి. మా అత్తగారు, ఆవిడ మంచితనం కొద్దీ, ఏమ్మా ఏడ్చావా, ఇంటి దగ్గర ఏమైనా గొడవా అని అందరి ముందూ అడిగింది. ఆవిడ నిలబడిపోయింది. జవాబు చెప్పకుండా పైకి పోతే మర్యాద కాదు, చెప్పాలంటే మేం ఎవరం?

నెల తిరిగేలోపు ఈయన్ని బయట మెట్లు వేయించమన్నాను. కౌలు డబ్బులు చేతికొచ్చిన సమయం. “బయట మెట్లు పెడితే ఎవరొచ్చేదీ ఎవరు పొయ్యేదీ మనకెట్టా తెలుస్తుంది?” అన్నారు. తెలియకుండా ఉండడానికే అన్నాను. ఇటుక మెట్లకి ఖర్చెక్కువని ఇనప మెట్లు వేయించారు. అవి పడ్డాక ఆవిడ మాతో ఎక్కువ మాట్లాడడం మొదలుపెట్టింది. సాయంత్రాలు తనే దిగి వచ్చి వరండాలో కూర్చునేది. తనకి రావాలనిపించినప్పుడు రావడం, తప్పక మా మధ్య నుంచి పోవడం ఒకటి కావు. ఎక్కువ మర్యాద చేస్తే, ఎక్కువ కలుపుగోలుగా ఉంటే చాలనుకునే ఇంటివాళ్లందరూ ఆ తేడా పట్టించుకోవాలి.

జూన్ 22, ఆదివారం

మధ్య గదికి బరంపురం అమ్మాయి వస్తానంది. అక్కడి తెలుగువాళ్లమ్మాయి, ఇక్కడ యూనివర్సిటీలో పరిశోధన చేస్తుందట. మాట కొంచెం ఒడియా యాసలో ముద్దుగా ఉంది. ఈ పుస్తకంలో ఎవరి పేరూ రాయను, ఊరి పేరుతోనే పిలుచుకుంటాను. డైరీ కూడా ఎవరి చేతిలోనైనా పడొచ్చు.

ఎదురింటి వదిన వచ్చి, “వాళ్లేమిట్లు?” అంది. అడగలేదన్నాను. “ఇంటిపేరన్నా కనుక్కోలేదా?” అంది. ఇంటిపేరు కాగితంలో ఉంటుంది, అద్దె రసీదుకి కావాలి గనక. నీకెందుకు వదినా అన్నాను. ఆమెకి కష్టం కలిగింది, నాకూ కలిగింది. చిన్నప్పటి నుంచీ ఒకే బావి నీళ్లు తాగినవాళ్లం.

కానీ ఈ ఒక్క విషయంలో మొహమాటపడను. మా జిల్లాలో గది అడగబోతే మొదటి ప్రశ్న ఇదే. నేరుగా అడగనివాళ్లు ఇంటిపేరు అడుగుతారు, తర్వాత నాన్నగారి పేరు, ఊళ్లో ఇల్లు ఏ వీధిలో అని. అన్నీ తెలుసుకున్నాక “మొన్ననే ఎవరికో మాటిచ్చాం” అంటారు. అంబేడ్కర్ గారు అమెరికాలో చదివి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరినప్పుడు ఏ హోటలూ గది ఇవ్వదని పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించి దిగారు. కొన్నాళ్లకి కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. ఆయనే రాసుకున్నారు. అంత చదువు చదివిన మనిషి ఆ రోజు ఎక్కడికి పోవాలో తెలియక ఒక తోటలో కూర్చున్నారట. అతిథిగా ఆయన దాచుకోవాల్సి వచ్చింది తన పుట్టుకని. ఇవాళ్టికీ మన ఊళ్లలో పేరు మార్చి చెప్పి గది తీసుకునే పిల్లలున్నారు. దొరికిపోతామన్న భయంతో తమ్ముణ్ణి కూడా రానివ్వరు. వాళ్ల చేత అబద్ధం ఆడిస్తోంది ఎవరు? ఇంటివాళ్లం మనమే.

అడగని ఇంట్లో దాచుకునే అవసరం రాదు.

జూలై 1, మంగళవారం

బరంపురం అమ్మాయి దిగింది. అడ్వాన్సు తీసుకోక ముందే కాగితం చదివి వినిపించాను. అడ్వాన్సు జేబులో పడ్డాక చెప్పే నియమం మోసంతో సమానమని నా నమ్మకం. అప్పటికే ఆ పిల్ల సామాను దించి, పాత గది వదిలేసి వచ్చి ఉంటుంది. కాదనలేదు.

కరెంటుకి సబ్ మీటరు పెట్టాం. మొత్తం ఇంటికి ఒకటే మీటరైతే ఎవరు ఎన్ని యూనిట్లు కాల్చారో తెలియదు, అప్పుడు ఏసీ ఎంతసేపు వేశావు, గీజరు ఎందుకేశావు అని నేను చెవి ఒగ్గి వినాల్సొస్తుంది. మీటరు ఉంటే అంకె చూసి డబ్బు తీసుకుంటాం, తను ఎంతసేపు స్నానం చేసిందో నాకనవసరం. కాపలా కాయాల్సిన పని సగం ఒక చిన్న మీటరుతో పోయింది.

ఆధార్ జిరాక్సు ఇవ్వబోయింది. పూర్తి నంబరున్నది వద్దమ్మా, మొదటి ఎనిమిది అంకెలు కనపడకుండా మాస్క్ చేసిన కార్డు డౌన్‌లోడ్ అవుతుంది, చివరి నాలుగుంటే చాలన్నాను. 2020 జనవరిలో, మూడు రాజధానుల మాట వచ్చాక, మా ఊళ్లోకి మేం రావడానికి పోలీసులకి ఆధార్ చూపించిన రోజులున్నాయి. మిరపకాయల పని చేసి ఇంటికొచ్చే ముసలివాళ్లు జాకెట్లోంచి కార్డు తీసి చూపించేవాళ్లు. దీక్ష టెంటు దగ్గర కూర్చున్న ఆడవాళ్ల తల మీద డ్రోన్లు తిరిగేవి. ఎవరో ఒకరు ఎప్పుడూ మనల్ని చూస్తున్నారన్న భావం ఒంట్లో ఎలా చేరుతుందో తుళ్లూరు ఆడవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మంచం మీద పడుకున్నా భుజాలు బిగుసుకునే ఉండేవి. అంత చూసిన మనం పైన ఉన్న ఆడపిల్లని అలాగే చూస్తామా?

తాళం చెవి రెండోది నా దగ్గర ఉండాలా వద్దా అన్నది ఎప్పుడూ ఇబ్బందే. లేకపోతే నిప్పంటుకున్నా నీళ్లు కారినా చేసేదేం లేదు. ఉంటే ఆ పిల్లకి నిద్ర పట్టదు. చెవిని కవర్లో పెట్టి అంటించి, అంటించినచోట తన చేత సంతకం చేయించి బీరువాలో పెట్టాను. ఎప్పుడు కావాలన్నా దిగొచ్చి కవరు చూసుకోవచ్చు. ప్రమాదం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఒక నంబరు రాయమన్నాను. వాళ్ల పెద్దమ్మ నంబరు రాసింది. అమ్మా నాన్నల్ని ఎందుకు రాయలేదని నేను అడగలేదు.

మరిది సీసీ కెమెరా తెచ్చాడు. పై వసారాలో పెడతానంటే వద్దన్నాను. గేటు మీద, వీధి వైపు తిప్పి పెట్టించాను. మెట్లు, బట్టలారేసే తీగ అందులో పడకూడదు. పెట్టాక మేడ మీద అద్దెకున్న ముగ్గురినీ పిలిచి ఫోన్లో చూపించాను, ఏది కనపడుతుందో ఏది కనపడదో. పోయిన ఆగస్టులో కృష్ణా జిల్లాలో ఒక కాలేజీ హాస్టల్లో రహస్య కెమెరాలున్నాయన్న మాట పుట్టినప్పుడు రాత్రంతా ఆ పిల్లలు ఏడుస్తూ బయట కూర్చున్నారు. అది నిజమా కాదా అన్నది తర్వాతి సంగతి, ఆ భయం మాత్రం నిజం. ప్రపంచమంతా ఇళ్లు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ కూడా ఇంటి లోపల ఎక్కడా కెమెరా ఉండకూడదని 2024లో నియమం పెట్టింది. హాల్లో పెట్టి చెప్పినా సరే ఒప్పుకోదు. మన దగ్గర ఆడమనిషి ఏకాంతాన్ని చూడడం, తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద జైలుకి పోయే నేరం. మరిదికి అది చెప్పాక ఇక మాట్లాడలేదు.

జూలై 6, తొలి ఏకాదశి

పేలపిండి కొట్టి ముగ్గురినీ కిందికి పిలిచి పెట్టాను. పై నుంచి చేపల పులుసు వాసన వచ్చిందని మా చెల్లెలు మొహం చిట్లించింది. ఏకాదశి మనది, పులుసు వాళ్లది.

జూలై 18, శుక్రవారం

పై గదుల్లో ఒకదాంట్లో ఉండే మార్కాపురం అమ్మాయి రాత్రి రెండింటికి వచ్చింది. సైటులో క్వాలిటీ ఇంజనీరు. స్లాబు కాంక్రీటు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదట, ఆపితే పాతదీ కొత్తదీ అతకక అక్కడే బలహీనపడుతుందట. లారీలు వస్తున్నంతసేపూ తను అక్కడ ఉండి నమూనా దిమ్మలు పోయించుకోవాలి. నిన్న పొద్దున ఏడింటికి వెళ్లిన పిల్ల సిమెంటు కొట్టుకుపోయిన బూట్లతో వచ్చి గేటు దగ్గర నిలబడి, తాళం చూసి, మమ్మల్ని లేపడానికి మొహమాటపడి, మెట్టు మీద కూర్చుందట. వీధి కుక్కలు అరిస్తే ఈయన లేచి చూశారు.

పదింటికి తాళం అన్న నియమం దొంగల కోసం. ఆ పిల్ల కోసం కాదు. పొద్దున్నే గేటు తాళానికి మూడు చెవులు చేయించుకొచ్చి ముగ్గురికీ ఇచ్చాను. ఎప్పుడొచ్చినా తీసుకుని మళ్లీ వేసుకోవాలి, అంతే. వీధి చివర లైటు పోయి నెలైంది. పంచాయతీలో చెప్పి వేయించమని ఈయన్ని పంపాను. ఆడపిల్ల రాత్రి రావడం మీద మాట్లాడేవాళ్లు వీధంతా ఉన్నారు, ఆ లైటు గురించి ఒక్కరూ మాట్లాడరు.

వదిన పొద్దున చీపురు పట్టుకుని, “రాత్రి బండి చప్పుడైంది” అంది. అవును, పనినుంచి వచ్చింది అన్నాను. ఎవరు దింపారని అడగబోయి ఆగింది. ఆగినందుకు నాకు సంతోషమేసింది.

జూలై 20, ఆదివారం

మధ్యాహ్నం మార్కాపురం నుంచి ఫోన్. ఆ అమ్మాయి తల్లి. నంబరు ఎలా దొరికిందో, అద్దె పంపిన ఫోన్‌పేలో చూసుకుని ఉంటుంది.

“అక్కయ్యగారూ, మీరూ ఆడపిల్ల తల్లే గదా. పిల్ల రాత్రి ఎన్నింటికొస్తోందో, ఎవరితో వస్తోందో రోజూ ఒక మెసేజి పెట్టండి చాలు. మీకు పుణ్యముంటుంది. దానికి మాత్రం చెప్పొద్దు.”

గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. ఆ తల్లి గొంతులో భయం ఉంది, అధికారం కాదు. పలకల ఊరు నుంచి ఆ పిల్లని ఇంజనీరింగు చదివించడానికి ఎంత కష్టపడ్డారో ఆ పిల్లే చెప్పింది ఒకసారి. మా అమ్మాయి అమీర్‌పేటలో హాస్టల్లో ఉన్నప్పుడు నేనూ వార్డెన్‌కి ఫోన్ చేయాలని ఎన్ని రాత్రులు అనుకున్నానో. అక్కడి వార్డెన్ పిల్లల పార్సిళ్లు విప్పి చూసేదట, ఎవరెవరికి ఫోన్లొస్తున్నాయో తల్లిదండ్రులకి చెప్పేదట. దాని వల్ల మా అమ్మాయి నాకు చెప్పే మాటలు తగ్గాయి గాని నా బెంగ తగ్గలేదు.

“అమ్మా, మీ అమ్మాయి నా ఇంట్లో భద్రంగా ఉంది. ఒంట్లో బాగోలేకపోతే నేను చూసుకుంటాను, ఆస్పత్రికి నేనే తీసుకెళ్తాను. తను ఎన్నింటికొచ్చింది, ఎవరితో వచ్చింది నేను చెప్పను. మీరు ఫోన్ చేసిన సంగతి మాత్రం తనకి చెబుతాను, దాచను” అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, “సరే అక్కయ్యగారూ” అని పెట్టేసింది.

సాయంత్రం ఆ అమ్మాయికి చెప్పాను. కోపం వస్తుందనుకున్నా గాని నవ్వింది. “అమ్మకి నేను రాత్రి పని అని చెప్పలేదు ఆంటీ, చెబితే మాన్పించేస్తుందని.” చెప్పు, కాంక్రీటు ఎందుకు ఆపకూడదో నాకు చెప్పినట్టే మీ అమ్మకీ చెప్పు అన్నాను. అది నా సలహా, నియమం కాదు అని కూడా అన్నాను.

నేను చేసింది సరైనదే అనుకుంటున్నాను. అయినా రాత్రి ఇది రాస్తుంటే ఆ తల్లి మౌనమే వినపడుతోంది. రేపు ఆ పిల్లకి ఏదైనా జరగరానిది జరిగితే మొదటి ప్రశ్న నన్నే అడుగుతుంది. ఆ భారం ఉంటుంది, మోయాల్సిందే. ఇరవైనాలుగేళ్ల పిల్లని వేగు పెట్టి చూస్తే ఆ భారం నా మీద నుంచి దిగి ఆ పిల్ల మీద పడుతుంది, అంతకంటే ఏం జరగదు.

ఆగస్టు 8, శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం

పేరంటానికి ముగ్గురికీ ఫోన్లో చెప్పాను, పైకి వెళ్లి బొట్టు పెట్టి పిలవలేదు. కోర్టులో పనిచేసే కర్నూలావిడ క్రైస్తవురాలు. తలుపు దగ్గరికి వెళ్లి నిలబడితే కాదనలేక వస్తుంది. ఫోన్లో అయితే, రావాలనుంటే వస్తుంది. ఆవిడ సాయంత్రం పూజ అయ్యాక వచ్చి, శనగలు, అరటిపండు తీసుకుని, కేకు ముక్కలు డబ్బాలో పెట్టి ఇచ్చి వెళ్లింది. మిగతా ఇద్దరూ నిద్రపోతున్నారట. ఫరవాలేదు.

ఆగస్టు 13, బుధవారం

తెల్లవారుజాము నుంచి ఆగకుండా వాన. కొండవీటి వాగు పొంగుతోందని టీవీలో చూపిస్తున్నారు. పదకొండింటికి మేడ మెట్ల మీద నుంచి నీళ్లు ధార కట్టాయి, చూస్తే మధ్య గది తలుపు కిందనుంచి వస్తున్నాయి. బరంపురం అమ్మాయి కిటికీ తీసి వెళ్లినట్టుంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు, ల్యాబులో ఫోన్ లోపలికి తీసుకెళ్లరని చెప్పింది ఎప్పుడో. మళ్లీ చేశాను. మెసేజి పెట్టాను. లోపల నేల మీద ప్లగ్గుల బోర్డు ఉంటుందని తెలుసు, ఇక ఆగలేదు.

మెయిన్ ఆపించి, కోర్టావిడ ఇవాళ సెలవు గనక ఆవిణ్ణి పక్కన రమ్మని, ఆవిడ ముందే కవరు చించి తలుపు తీశాను. కిటికీ మూశాను. నేల మీదున్న పుస్తకాల అట్టపెట్టె మంచం మీద పెట్టాను. ప్లగ్గు లాగాను. నీళ్లు ఊడ్చాను. బల్ల మీద తెరిచి ఉన్న నోట్సు, గోడకి అంటించిన ఫొటోలు, తీగ మీది బట్టలు, ఏదీ ముట్టుకోలేదు, తేరిపార చూడలేదు. తలుపు వేసి, ఎన్నింటికి తీశామో ఎన్నింటికి వేశామో, ఏయే వస్తువు జరిపామో కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెట్టి తలుపుకి అంటించాం. అదే ఫొటో తీసి ఆ పిల్లకి పంపాను.

సాయంత్రం వచ్చి ముందు భయపడ్డట్టే ఉంది. కాగితం చదువుకుని లోపలికి పోయి చూసుకుని మళ్లీ దిగి వచ్చింది. చెవి ఇంకో కవర్లో పెట్టి సంతకం చేసిచ్చింది. కొంచెంసేపాగి, “గోడ మీద ఫొటో గురించి ఏమీ అడగరా ఆంటీ?” అంది. లేదమ్మా అన్నాను. నిజంగానే నాకు ఆ ఫొటోలో ఎవరున్నారో తెలియదు.

ఆగస్టు 24, ఆదివారం

టిఫిన్ల దగ్గర కోర్టావిడ ఒక సంగతి చెప్పింది. ఇవాళ్టికి సరిగ్గా ఎనిమిదేళ్లట, 2017లో ఇదే తారీకున సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కటే మాటగా, గోప్యత మనిషి ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పి. కేసు వేసింది కర్ణాటక హైకోర్టు రిటైర్డు జడ్జి పుట్టస్వామి గారు, ఎనభై దాటిన వయసులో, ఆధార్ మీద. “అది ప్రభుత్వానికీ మనిషికీ మధ్య కదండీ, ఇంటివాళ్లకీ అద్దెకున్నవాళ్లకీ ఏం సంబంధం?” అన్నారు ఈయన. దానికి వేరే చట్టాలున్నాయంది. 2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం చేసి రాష్ట్రాలకి పంపిందట. ఇంటివాళ్లు గదిలోకి రావాలంటే 24 గంటల ముందు రాతలోనో ఫోన్ మెసేజిగానో చెప్పాలి. పొద్దు పొడవక ముందు, పొద్దు గుంకాక రాకూడదు. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించకూడదు. నీళ్లు, కరెంటు కట్ చేసి ఖాళీ చేయించకూడదు. వరద, అగ్నిప్రమాదం లాంటివి వస్తే ముందు చెప్పకుండానే లోపలికి పోవచ్చు. మొన్నటి వానకి మనం చేసింది అదే అంది.

నమూనా చట్టం గనక రాష్ట్రాలు తమ చట్టంగా తెచ్చుకుంటేనే నడుస్తుంది. మన దగ్గర అందరూ రాసుకునేది పదకొండు నెలల అగ్రిమెంటే. రిజిస్ట్రేషను ఖర్చు తప్పించుకోవాలని పదకొండు దగ్గర ఆపుతారు. ఆ కాగితంలో అద్దె ఎంత, ఎన్నాళ్లు అన్నవే తప్ప తలుపు ఎవరు తట్టొచ్చు అన్న సంగతే ఉండదు. చట్టం సంగతి ఎలా ఉన్నా ఆ 24 గంటల మాట మా కాగితంలో రాసేశాను. ట్యాంకు కడిగేవాడు డాబా మీదికి వస్తున్నా ముందు రోజే ముగ్గురికీ మెసేజి. తీగ మీద లోపలి బట్టలుంటాయి, తీసుకునే వ్యవధి ఇవ్వాలి కదా.

అద్దెకున్నవాళ్ల వైపు నుంచి కూడా రెండు మాటలు రాశాను. చుట్టాలొస్తే అనుమతి అక్కర్లేదు, కానీ వారం దాటి ఉంటే చెప్పాలి, నీళ్ల లెక్క మారుతుంది. విదేశీయులెవరైనా రాత్రి ఉంటే ముందే చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో పెట్టుకున్నవాళ్లు 24 గంటల్లోపు ఆన్‌లైన్లో ఫారం నింపాలి. అది నా ఇష్టం కాదు, ప్రభుత్వ నిబంధన. ఏది ప్రభుత్వానిదో ఏది మా ఇంటిదో కాగితంలో విడివిడిగానే రాశాను.

మగ స్నేహితులు రావచ్చా అని బరంపురం అమ్మాయి అడిగింది. ఈయన నా మొహం చూశారు. పగలు వచ్చి పోవడానికి నాకు అభ్యంతరం లేదన్నాను. రాత్రి ఉండడం గురించి మాత్రం ఇప్పుడప్పుడే అవుననలేకపోయాను. మిగతా ఇద్దరు ఆడవాళ్లు అదే వసారాలో, అదే బాత్రూం దారిలో తిరుగుతారు. ముగ్గురూ మాట్లాడుకుని, ముగ్గురికీ సమ్మతమైతే నాకు చెప్పమన్నాను. నా కారణం నేను చెప్పగలిగాను. వీధిలో వాళ్లు ఏమనుకుంటారో అన్నది మాత్రం కారణంగా చెప్పదలచుకోలేదు, చెప్పలేదు కూడా.

ఆగస్టు 30, శనివారం

కోర్టావిడకి మంగళగిరిలో సొంత ఫ్లాటు సిద్ధమైంది, సెప్టెంబరు ఆఖరుకి వెళ్లిపోతానంది. అప్పుడే బోర్డు కట్టొద్దని, తెలిసినవాళ్లకే చెబుదామని ఈయనన్నారు. అయినా వార్త పాకిపోయింది. పొద్దుటి నుంచీ గది చూపించమని మూడు ఫోన్లు. ఒకాయనైతే గేటు దగ్గరికే వచ్చి, “రెండు నిమిషాలండీ, చూసి పోతాం” అన్నాడు. ఆవిడ కోర్టుకి వెళ్లింది, కవరు బీరువాలోనే ఉంది. లేదండీ, ఆవిడ ఉన్నప్పుడే చూపిస్తాం అన్నాను. అద్దె పోయిన నెలకంటే రెండువేలు ఎక్కువిస్తానన్నాడు. మీరు ఎక్కువిచ్చినా ఆ గది ఇంకా ఆవిడదే అన్నాను.

రేపు పదకొండు నుంచి పన్నెండు మధ్య చూపించొచ్చని ఆవిడే వేళ చెప్పింది. వచ్చేవాళ్లు ఇద్దరు, చీరాల నుంచి ఒకరు, నందిగామ నుంచి ఒకరు. కొత్త కాగితం రెండు కాపీలు జిరాక్సు తీయించాలి. పక్క గదుల పిల్లలకి కూడా మెసేజి పెట్టాలి, కొత్తవాళ్లు మెట్లెక్కి వస్తారని.